సౌండు కార్డుల పాఠభేదాలు

తాళపత్ర గ్రంథాలతో పని చేసినవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. ఒకే కావ్యానికి పది ప్రతులు దొరికితే ఆ పదీ ఒక్కలా ఉండవు. ఒకదాంట్లో పద్యం ఎక్కువ, ఇంకొకదాంట్లో పాదం తక్కువ. మరొకదాంట్లో లేఖకుడు తనకు అర్థం కాని మాటను తీసేసి, అర్థమయ్యే మాటను పెట్టేసి ఉంటాడు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల దగ్గర మొదలుపెట్టి ఎన్నో గ్రంథాలకు ప్రతులు సేకరించి, కడపలో పండితుల్ని కూర్చోబెట్టి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్పించాడు. 1884లో లండన్లో కన్నుమూసి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉన్న ఆ మహానుభావుడు ఇంగ్లండు తెలుగువాళ్ళకు ఒక రకంగా ఇరుగుపొరుగే.

ఆయన పేరు తలుచుకున్నాను కాబట్టి ఇది సాహిత్య వ్యాసం అనుకోకండి. నేను ఇంజనీరింగు చదివి, ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేరుతో పొట్టపోసుకుంటున్నవాణ్ణి. ఆదివారాలు కార్ బూట్ సేల్స్‌లో చవగ్గా దొరికే పాత కంప్యూటర్ కార్డులు ఏరుకొచ్చి గరాజ్‌లో దాచుకోవడం నా వ్యసనం. ఇంట్లో వాటిని చెత్త అంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కాని వాటిని పక్కపక్కన పెట్టి చూస్తున్న కొద్దీ, బ్రౌన్ పండితులు చేసిన పనికీ దీనికీ పెద్ద తేడా లేదనిపించింది. పెట్టె మీద పేరు ఒకటే ఉంటుంది, లోపలి పాఠం మారిపోతుంది. ఆ మార్పుల చరిత్రే ఈ వ్యాసం.

ముందు మన ఊరి కథ చెబుతాను. మన ఊరంటే ఇప్పుడుంటున్న దేశం. 1981లో అమెరికాలో వచ్చిన ఐ.బి.ఎమ్. పి.సి.కి టైమర్ చిప్‌తో స్పీకరును కుయ్యిమనిపించడం తప్ప వేరే సంగీతం రాదు. అదే ఏడాది డిసెంబరులో కేంబ్రిడ్జికి చెందిన ఏకార్న్ సంస్థ బి.బి.సి. మైక్రోను తెచ్చింది. అందులో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎస్.ఎన్. 76489 అనే ప్రత్యేకమైన శబ్దం చిప్ ఉండేది. మూడు స్వరాలు ఒకేసారి పలికేవి, నాలుగోది ఉత్త హోరు. 1984లో భారత ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద ఈ బి.బి.సి. మైక్రోలే మన దేశపు బడులకూ వెళ్ళాయి. మన సంఘంలో నాకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కొందరు ఆ శబ్దం వినే ఉంటారు.

1982లో, అదే కేంబ్రిడ్జి నుంచి, సింక్లెయిర్ సంస్థ వారి జెడ్.ఎక్స్. స్పెక్ట్రమ్ వచ్చింది. పుస్తకానికి కూర్పు సంఖ్య ఉన్నట్టే దాని బోర్డు మీద ఇష్యూ సంఖ్య అచ్చువేసి ఉంటుంది. ఇష్యూ 1 బోర్డు తెరిచి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. ప్రధానమైన చిప్ తయారీలో దొర్లిన తప్పును దిద్దడానికి ఇంకొక చిన్న చిప్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళకు తీగలు అతికించారు. కాళ్ళు పైకెత్తి పడి ఉన్న దాన్ని చూసి ఇక్కడివాళ్ళు చచ్చిన బొద్దింక అని పేరు పెట్టారు. తాటాకు మీద లేఖకుడు తప్పు కొట్టేసి పంక్తికి పైన సరైన అక్షరం ఇరికించినట్టు అన్నమాట.

అసలు కథ ఇష్యూ 2కీ ఇష్యూ 3కీ మధ్య ఉంది. స్పెక్ట్రమ్‌లో స్పీకరుకూ, క్యాసెట్ రికార్డరుకూ, కీబోర్డుకూ కలిపి ఒకటే గుమ్మం, పోర్టు 254. ఆ గుమ్మం గుండా బయటకు పంపే బైటులో 4వ బిట్టు స్పీకరును మోగిస్తుంది, 3వ బిట్టు క్యాసెట్ మీద రాస్తుంది. అదే గుమ్మం నుంచి లోపలికి చదివితే కింది అయిదు బిట్లు ఏ మీట నొక్కారో చెబుతాయి. 6వ బిట్టు క్యాసెట్ నుంచి వచ్చే శబ్దానిది. ఇష్యూ 2 బోర్డులో, మనం బయటకు పంపిన 3, 4 బిట్లు రెండింటి ప్రభావమూ తిరిగి చదివే ఆ 6వ బిట్టు మీద పడేది. ఇష్యూ 3లో 4వ బిట్టు ప్రభావం మాత్రమే మిగిలింది. చూడబోతే ఏమీ లేని మార్పు. కాని కీబోర్డుకు సంబంధించిన అయిదు బిట్లే చూడకుండా, మొత్తం బైటును ఒక అంకెతో పోల్చి చూసిన ఆటలు కొన్ని ఉన్నాయి. అవి ఇష్యూ 3 యంత్రాల మీద మీటల మాట వినడం మానేశాయి. శబ్దం కోసం ఉన్న సర్క్యూట్ కొంచెం కదిలితే కీబోర్డు మూగబోయింది. రెండు యంత్రాలకూ పైన పెట్టె ఒకటే, కొన్నవాడికి తేడా తెలిసే దారి లేదు.

ఇక అసలు సౌండు కార్డుల దగ్గరికి వద్దాం. పి.సి.లలో నాలుగు కాలాలపాటు నిలిచిన మొదటి కార్డు కెనడాలోని క్విబెక్ నగరంలో పుట్టింది. మార్టిన్ ప్రెవెల్ అనే సంగీతాచార్యుడు స్థాపించిన ఆడ్‌లిబ్ సంస్థ 1987లో దాన్ని విడుదల చేసింది. దాని గుండెకాయ యమహా వారి వై.ఎమ్. 3812 చిప్. దుకాణాల్లో దొరికే మామూలు చిప్పే అది. పోటీదారులు పసిగట్టకుండా దాని మీది పేరు గీకేసి అమ్మేవారు. 1987 నాటి కార్డుకు పెద్ద ఆరంగుళంపావు కాదు, పావు అంగుళం జాక్ ఉంటుంది. 1990 కూర్పులో అది మన వాక్‌మన్‌లకు ఉండే 3.5 మిల్లీమీటర్ల చిన్న జాక్ అయింది. ఏ కూర్పో చెప్పడానికి ఆ రంధ్రం చూస్తే చాలు.

1989లో సింగపూరు నుంచి సిమ్ వాంగ్ హూ స్థాపించిన క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టర్ తెచ్చింది. అందులో ఆడ్‌లిబ్‌లోని యమహా చిప్ ఉంది, మాటలూ పేలుళ్ళూ వినిపించే 8 బిట్ల డిజిటల్ శబ్దం ఉంది, జాయ్‌స్టిక్ తగిలించే చోటు కూడా ఉంది. అంతకుముందు క్రియేటివ్ సొంతంగా అమ్మిన కార్డులోని రెండు ఫిలిప్స్ చిప్‌లు కూడా అందులో చేరాయి. 1.5 కూర్పుకు వచ్చేసరికి ఆ ఫిలిప్స్ చిప్‌లు మాయమై, వాటి ఖాళీ సాకెట్లు మిగిలాయి. కావలసినవాళ్ళు విడిగా కొనుక్కోవాలి. 1991లో వచ్చిన 2.0లో బోర్డు చిన్నదైంది, శబ్దం తెగిపోకుండా సాగే పద్ధతి వచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు వేసిన మెట్లు, మేడ కట్టకపోయినా అలాగే ఉండిపోయినట్టు, ఖాళీ సాకెట్లు మాత్రం ఉన్నాయి.

అదే ఏడాది సౌండ్ బ్లాస్టర్ ప్రో వచ్చింది. సి.టి. 1330 అనే సంఖ్య గల మొదటి ప్రోలో కుడి చెవికొకటి, ఎడమ చెవికొకటి రెండు వై.ఎమ్. 3812లు. సి.టి. 1600 సంఖ్య గల రెండో ప్రోలో ఆ రెండింటి స్థానంలో వై.ఎమ్.ఎఫ్. 262 అనే ఒకే కొత్త చిప్. కొత్తది అన్ని విధాలా మెరుగైనదే. కాని రెండు చిప్‌లు ఉన్నాయని నమ్మి రాసిన స్టీరియో సంగీతం దాని మీద అదే విధంగా పలకదు. మెరుగుపరచడం వేరు, పాతదాన్ని యథాతథంగా నిలపడం వేరు అని ఈ రెండు ప్రోలు నేర్పుతాయి.

1992లో సౌండ్ బ్లాస్టర్ 16 వచ్చాక ఈ వంశవృక్షం మర్రిచెట్టయింది. సీడీ డ్రైవులు అప్పుడే ఇళ్ళలోకి వస్తున్నాయి. పానసోనిక్‌ది ఒక తీగ, సోనీది ఒక తీగ, మిత్సుమిది ఒక తీగ. ఏ డ్రైవు కొన్నవాడికి ఆ తీగ తగిలే కార్డు కావాలి కాబట్టి ఒకే పేరుతో ఎన్నో బోర్డులు తయారయ్యాయి. తొలి కార్డుల్లో యమహా చిప్ విడిగా కనబడుతుంది. 1995 తరువాతి వాటిలో చాలావాటికి క్రియేటివ్ సొంతంగా చేసుకున్న అనుకరణ వచ్చి చేరింది. అదే పాట, అవే స్వరాలు, కాని గంట మోత కొంచెం గాజు మోతలా వినిపిస్తుంది. పెట్టె మీద మాత్రం ఈ ముక్క రాయలేదు.

ఆ కుటుంబంలోనే ఆగని స్వరం అనే జబ్బు ఉంది. కంప్యూటర్ సంగీతంలో స్వరం మొదలు అనేది ఒక సందేశం, స్వరం ముగింపు అనేది మరొక సందేశం. కార్డు లోపల ఉన్న నియంత్రణ చిప్ ప్రోగ్రామ్ 4.11, 4.12, 4.13 వెర్షన్లలో, తుపాకీ మోతల వంటి డిజిటల్ శబ్దం జోరుగా నడుస్తున్నప్పుడు, బయటి వాద్యానికి వెళ్ళే సందేశాలు కొన్ని చెడిపోయేవి. ముగింపు సందేశం పోయిందా, ఆ స్వరం ఇక ఆగదు. యుద్ధం అయిపోయినా సన్నాయి ఊదుతూనే ఉంటుంది. అంతకుముందు 4.05 వెర్షన్ ఉన్న కార్డుల్లో ఈ బాధ సాధారణంగా కనబడదు. కొత్తది పాతదాని కన్నా మంచిదని నమ్మి బతికే మా వృత్తివాళ్ళకు ఇది మింగుడుపడని పాఠం.

ఈ మార్పులన్నీ ఎందుకు జరిగాయి? కుట్ర ఏమీ లేదు. పది చిప్‌లు చేసే పని ఒక చిప్‌లో పెడితే ఖర్చు తగ్గుతుంది. ఒక విడిభాగం దొరకకపోతే మరొకటి వాడతారు. ఒక తప్పు బయటపడితే దిద్దుతారు, దిద్దుతూ ఇంకొకటి తెస్తారు. చివరికి 1997లో ఇంటెల్ ప్రకటించిన ఏ.సి. 97 ప్రమాణంతో శబ్దం మదర్‌బోర్డులోకే చేరడం మొదలైంది. మామూలు ఇళ్ళకు విడి కార్డు అవసరం క్రమంగా పోయింది.

ఇదంతా ఇప్పుడెందుకు అని మీరు అడగవచ్చు. పాత ఆటలు ఆడుకోవడానికి ఎమ్యులేటర్లు ఉన్నాయిగా అంటారు. నిజమే. కాని డాస్‌బాక్స్ తెరిచి చూడండి. ఏ సౌండ్ బ్లాస్టర్ కావాలని అది మిమ్మల్ని అడుగుతుంది. మొదటిదా, రెండోదా, మొదటి ప్రోనా, రెండో ప్రోనా, పదహారా అని. స్పెక్ట్రమ్ ఎమ్యులేటర్లలోనూ ఇష్యూ 2 కీబోర్డు కావాలా అనే ఎంపిక ఉంటుంది. ఆ ప్రశ్నలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో బోర్డులు పక్కపక్కన పెట్టి, సంఖ్యలు రాసుకుని, తేడాలు విని పట్టుకున్నారు కాబట్టే ఆ వరుస ఉంది. చేతిలో అసలు బోర్డు లేకపోతే ఎమ్యులేటర్ సరిగ్గా పలుకుతోందో లేదో తేల్చేదెవరు? మూలప్రతి పోయాక పరిష్కర్త ఊహే మూలమై కూర్చుంటుంది.

ఈ ప్రమాదం మన తెలుగుకు తెలియనిది కాదు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. అయినా అది అందరి ఇళ్ళకూ చేరేదాకా మనం రకరకాల ఫాంట్లలో, ఎవరి సంకేతాలు వాళ్ళవిగా, రాసుకున్నాం. ఆ ఫాంటు పోతే ఆ ఫైలులో ఉన్నది అక్షరాలు కావు, పిచ్చిగీతలు. మన సంఘాల పాత సంచికలు ఎన్నో అలాంటి ఫైళ్ళలో ఉన్నాయి. వాటిని చదివించగలిగేది ఏ ఫాంటు, ఏ కూర్పు అని రాసిపెట్టిన ఒక్క పంక్తి.

ఇంగ్లండులో 2007 నుంచి పాత ఎలక్ట్రానిక్ సామానును విడిగా సేకరించే నిబంధనలు అమలులో ఉన్నాయి. భూమికి అది మంచిదే, నేనూ పాటిస్తాను. కాని కౌన్సిల్ వారి తొట్టిలో వేయబోయే ముందు ఒక్క పది నిమిషాలు చాలు. కార్డును రెండు వైపులా ఫోటో తీయండి. బోర్డు మీద సి.టి. తో మొదలయ్యే సంఖ్య ఉంటే రాసుకోండి. చిప్‌ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 9328 అంటే 1993లో 28వ వారం. ఆ చిప్ పుట్టినరోజు అది. కార్డు అంతకన్నా పాతది కావడానికి వీల్లేదు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది. బ్లెచ్లీ పార్కులోని జాతీయ కంప్యూటింగ్ మ్యూజియంలోనూ, కేంబ్రిడ్జిలోని కంప్యూటింగ్ చరిత్ర కేంద్రంలోనూ పాత యంత్రాలు ఇంకా ప్రాణంతో ఉన్నాయి. సెలవుల్లో ఒకసారి తీసుకెళ్ళి చూపించండి.

నా నోటు పుస్తకంలో ఇప్పటికి నలభై మూడు కార్డులు ఎక్కాయి. పేర్లు చూస్తే పదకొండే. మిగిలిన ముప్ఫై రెండూ పాఠభేదాలు.