భయానక శృంగారాల పొత్తు: తెలుగు మాంత్రిక కథ – పాఠకాభిరుచి పరిణామం

ఉపోద్ఘాతం

గుహలో మాంత్రికుడు, అమ్మవారి ముందు బలిపీఠం, చెరలో రాకుమారి, ఏడు సముద్రాల కావల చిలుకలో దాగిన ప్రాణం. తెలుగువారి కథాశ్రవణంలో ఇంతకంటె చిరపరిచితమైన సామగ్రి అరుదు. డార్క్ ఫాంటసీ, రొమాంటిక్ ఫాంటసీ అనే పేర్లతో నేటి యువపాఠకులు మక్కువగా చదువుతున్న నవలల్లోని మూలద్రవ్యం కూడా ఇటువంటిదే. భయం, ప్రణయం, అద్భుతం ఒకే కథలో పెనవేసుకొని ఉండడం వాటి ప్రధాన లక్షణం. పేరు కొత్తదే గాని అభిరుచి కొత్తది కాదు. అయితే ఈ అభిరుచిపట్ల తెలుగు సాహిత్యచరిత్ర వైఖరి నిలకడగా లేదు. ప్రబంధంలో కనబడినప్పుడు కల్పనాచాతుర్యమని మెచ్చుకొన్న దానినే బాలల పత్రికలో కనబడినప్పుడు కాలక్షేపమన్నది, వారపత్రికలో కనబడినప్పుడు క్షుద్రమన్నది. ఈ భేదానికి కారణం రచనల స్వభావంలో ఎంత ఉన్నదో, పాఠకుల పట్ల ఉన్న చిన్నచూపులో ఎంత ఉన్నదో విడదీసి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

లాక్షణికుల నిషేధం – కథకుల ఆచరణ

శృంగారానికి విరోధులైన రసాలలో భయానకాన్ని కూడా విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో పేర్కొన్నాడు. ఈ లెక్కన భయాన్నీ ప్రణయాన్నీ ఏకకాలంలో ఆస్వాదించే పాఠకుడు రసవిరోధాన్ని కోరి తెచ్చుకొంటున్నాడనాలి. కాని ఈ చిక్కును విప్పే మార్గాన్ని ఆనందవర్ధనుడు అంతకు ఎన్నో శతాబ్దాలకు ముందే ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో సూచించాడు. ఒకే ఆశ్రయంలో పొసగని రసాలను భిన్నాశ్రయాలలో నిలిపితే విరోధం తొలగుతుంది. మాంత్రిక కథానిర్మాణమంతా ఈ సూత్రానికి ఉదాహరణగా నిలుస్తుంది. మాంత్రికుని వలన భయం, నాయకుని వలన రతి. ఈ రెండింటి నడుమ చిక్కిన నాయిక కోసం పాఠకుడు కథ చివరిదాకా వేచి ఉంటాడు. భయం పెరిగినకొద్దీ సమాగమం మీది ఆశ పెరుగుతుంది. లక్షణగ్రంథాలు చదవని కథకులు సైతం ఈ మర్మాన్ని శ్రోతల ముఖాలు చూసి గ్రహించారు.

కళాపూర్ణోదయం నుండి బాలనాగమ్మ దాకా

పదునారవ శతాబ్దికి చెందిన పింగళి సూరన కళాపూర్ణోదయం ఈ ధోరణికి ప్రౌఢమైన తార్కాణం. నలకూబరుని వలచిన కలభాషిణిని మణిస్తంభుడనే సిద్ధుడు సింహంపై ఎక్కించుకొని మృగేంద్రవాహన ఆలయానికి తీసుకొనిపోతాడు. ప్రియునికై బయలుదేరినట్లు తలచిన యువతి బలి కావలసిన చోటికి చేరుతుంది. రూపాల తారుమారు, స్త్రీపురుషత్వాల వినిమయం, పూర్వజన్మను స్ఫురింపజేసే మణి, చివరకు జన్మాంతరంలో కళాపూర్ణ మధురలాలసల పరిణయం, ఇవన్నీ ఆ ప్రబంధంలోని కథాసామగ్రి.

ఆధునిక తెలుగు విమర్శకు పునాది అనదగిన కవిత్వతత్త్వ విచారములో (1914) కట్టమంచి రామలింగారెడ్డి పరిశీలనకు ప్రధానంగా ఎన్నుకొన్నది ఈ సూరన రచనలనే. కథాకల్పననూ పాత్రపోషణనూ ఆయన ప్రత్యేకంగా మెచ్చుకొన్నాడు. అంటే ఆధునిక విమర్శ తొలి అడుగు పడింది మాయలు, మంత్రాలు, ప్రణయాలు నిండిన కథ మీదనే. తరువాతి విమర్శ ఈ సంగతిని అంతగా గుర్తుంచుకొన్నట్లు కనబడదు.

పండితుల పరిధికి వెలుపల ఇదే అభిరుచిని బుర్రకథలు, జానపద నాటకాలు పోషించాయి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు రాణిని కుక్కగా మార్చి ఎత్తుకొనిపోతాడు. పెండ్లాడమని వేధిస్తాడు. ఆమె వ్రతం పేరుతో ఏళ్ల తరబడి అతనిని దూరంగా నిలుపుతుంది. ఇందులో భయం ఎంత ఉన్నదో, స్త్రీ తన శీలాన్ని మాటనేర్పుతో కాపాడుకొనే ఉపాయమూ అంతే ఉన్నది. ఊళ్లలో స్త్రీలు ఈ కథను అంతగా ఆదరించడానికి ఈ రెండవ అంశం కూడా కారణమై ఉండవచ్చు. 1942లో జెమినీ సంస్థ నిర్మించిన బాలనాగమ్మ, 1951లో విజయా సంస్థ నిర్మించిన పాతాళభైరవి ఈ కథాసంప్రదాయాన్ని వెండితెరకు తెచ్చాయి. పాతాళభైరవిలో తోటరాముడు రాకుమారిని పొందడానికి సంపద కావాలి. నేపాళ మాంత్రికునికి సిద్ధి పొందడానికి సాహసవంతుడైన యువకుని బలి కావాలి. ప్రణయమే నాయకుని బలిపీఠం దాకా నడిపిస్తుంది. కళాపూర్ణోదయంలో కలభాషిణికి ఎదురైన స్థితి ఇక్కడ నాయకునికి ఎదురైంది.

మజిలీలో శ్రోత

అచ్చుయుగంలో ఈ అభిరుచికి దొరికిన తొలి పెద్ద నిధి మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథలు. పన్నెండు సంపుటాల ఈ కథామాలకు కూర్చిన చట్రం గమనింపదగినది. మణిసిద్ధుడనే యతికి కాలినడకన కాశీకి పోవడానికి తోడు కావాలి. తోడు వచ్చిన పశువుల కాపరి బాలుడు కోరేది కథలు. ప్రతి మజిలీలో ఆ బాలుడు దారిలో చూచిన వింతను గూర్చి అడుగుతాడు. యతి దాని వృత్తాంతం చెబుతాడు. కథ ఆగితే ప్రయాణం ఆగుతుంది.

ఈ చట్రంలో శ్రోత స్థానం అప్రధానమైనది కాదు. అక్షరజ్ఞానం లేని బాలుడే కథను అడిగేవాడు, కథను నడిపించేవాడు. వేదాంతం తెలిసిన యతికి ఆ బాలుని కుతూహలాన్ని తీర్చడం అగౌరవమని తోచలేదు. పాఠకుని ఆసక్తిని సాహిత్యచరిత్రలో ఎట్లా గౌరవించాలో ఈ కథామాల తన చట్రంలోనే చెప్పింది.

చందమామ ధారావాహికలు

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన చందమామ ఈ సంప్రదాయాన్ని బాలపాఠకులకు అందించింది. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం మొదలైన ధారావాహికలను దాసరి సుబ్రహ్మణ్యం రచించాడు. చిత్రా గీసిన బొమ్మలు ఆ లోయలకూ, కోటలకూ, వింతమృగాలకూ రూపమిచ్చాయి. రచయిత పేరు మాత్రం పత్రికలో ఉండేది కాదు. పాఠకులు దశాబ్దాలపాటు ఆ కథలను ప్రేమించారు గాని వాటి కర్తను ఎరుగరు. పాత సంచికల నుండి సీరియల్ పుటలను విడదీసి, వరుసగా కూర్చి బైండు చేయించుకొన్న ఇళ్లు తెలుగునాట అనేకం. రచయిత పేరు తెలియకపోయినా రచనను కాపాడుకొన్న పాఠకుల ఆదరణకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇక్కడ రెండు విషయాలు పరిశీలింపదగినవి. మొదటిది, ఈ కథలు వెలువడిన కాలంలో చాలాభాగం చందమామ సంపాదక బాధ్యత వహించిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది, మార్క్సిస్టు దృక్పథం గలవాడు. మాయామంత్రాల కథలకూ హేతుదృష్టికీ ఆయనకు వైరుధ్యం కనబడలేదు. ఆ కథల్లో మాంత్రికుడు ఎక్కడో దూరద్వీపంలో, పేరులేని కాలంలో ఉంటాడు. ధైర్యమూ బుద్ధీ అతనిని జయిస్తాయి. రెండవది, బాలల పత్రిక కనుక వీటిలో ప్రణయానికి చోటు తక్కువ. అద్భుత భయానకాలు బాలల పాలయ్యాయి. 1960, 70 దశకాల్లో యద్దనపూడి సులోచనారాణి వంటి రచయిత్రుల నవలలతో ప్రణయం ప్రధానంగా స్త్రీపాఠకుల పాలయింది. సూరన ఒకచోట చేర్చిన రెండు పాయలు ఈ విధంగా వేర్వేరు పాఠకవర్గాల నడుమ విడిపోయాయి.

మాంత్రికుడు ఇంటికి వచ్చినప్పుడు

1980ల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో వెలువడిన యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం ఈ చరిత్రలో పెద్ద మలుపు. మాంత్రికుని గుహ అదృశ్యమైంది. మధ్యతరగతి ఇంట్లో తులసి అనే పసిపిల్ల మీద చేతబడి జరుగుతుంది. వైద్యం ఒకవైపు, మంత్రం ఒకవైపు ఆమెను కాపాడడానికి సమాంతరంగా పోటీపడతాయి. ఏది ఫలించిందో పాఠకుడే తేల్చుకోవాలి. చందమామ చదివి పెరిగిన తరం అప్పటికి ఉద్యోగస్థులై, తల్లిదండ్రులై ఉన్నది. వారి బాల్యంలోని భయమే వారి పిల్లల గది తలుపు తట్టింది. నవల అసాధారణ ఆదరణకు ఇదొక కారణమని ఊహించడం అసంగతం కాదు. ఆ నవలకు కొనసాగింపైన తులసి ఆధారంగా 1986లో కాష్మోరా చిత్రం వచ్చింది.

అభ్యంతరాలు కూడా అంతే తీవ్రంగా వచ్చాయి. రంగనాయకమ్మ తులసిదళం కాదు గంజాయి దమ్ము అనే గ్రంథమే రాసింది. ఈ ధోరణి నవలలన్నింటికీ క్షుద్ర సాహిత్యమనే పేరు స్థిరపడింది. ఈ విమర్శను కేవలం పండితుల అసహనంగా కొట్టివేయడం సరికాదు. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి హింసించిన, చంపిన ఘటనలు జరిగిన నేల ఇది. ఇక్కడ మంత్రభయం లౌకికభయం కూడా.

భయానకరసానికి ఉదాహరణగా అభినవగుప్తుడు శాకుంతలం ప్రథమాంకంలో దుష్యంతుని బాణానికి వెరచి పరుగెత్తే లేడిని చూపించాడు. ఆ భయం నాది, శత్రువుది, మిత్రునిది అనే సంబంధాల నుండీ, దేశకాలాల నుండీ విడివడినప్పుడే రసమవుతుందని అతని సిద్ధాంతం. ఏడు సముద్రాల కావలి మాంత్రికుని వలన కలిగే భయానికి ఈ సాధారణీకరణం సులభం. పొరుగువారిపై అనుమానం పెంచే భయానికి అది కష్టం. కనుక క్షుద్ర నవలపై వచ్చిన అభ్యంతరం న్యాయంగా వర్తించేది భయాన్ని దేశకాలాలకు కట్టివేసిన పద్ధతికి. ఆ హద్దు దాటి, అద్భుతాన్ని కోరే పాఠకులందరినీ మూఢులుగా చూడడం వలన విమర్శకు నష్టం కలిగింది. కథ పట్ల ఉత్సాహం వేరు, మంత్రం పట్ల విశ్వాసం వేరు. పాఠకులలో అత్యధికులకు ఈ భేదం తెలుసు. కుటుంబరావు వంటి హేతువాది చందమామను నడపగలిగింది ఈ నమ్మకంతోనే అనుకోవాలి.

నేటి పాఠకులు

విడిపోయిన పాయలు నేడు మళ్లీ కలుస్తున్నాయి. ప్రతిలిపి వంటి వేదికలలో దయ్యాల కథలు, ప్రేమకథలు భాగాలుగా వెలువడుతున్నాయి. శాపగ్రస్తుడైన నాయకుడు, జన్మజన్మల ప్రణయం, పగబట్టిన ఆత్మ ఒకే కథలో కనబడుతున్నాయి. వీటన్నిటి సాహిత్య విలువ సమానం కాదు. కాని ప్రతి భాగం తరువాత ఏమయిందని అడిగే పాఠకులు కాశీ మజిలీలోని పశువుల కాపరి బాలునికి దూరపు చుట్టాలు కారు.

ముగింపు

కళాపూర్ణోదయం నుండి నేటి ధారావాహికల వరకు భయానక శృంగారాలను కలిపి ఆస్వాదించే అభిరుచి తెలుగువారిలో అవిచ్ఛిన్నంగా ఉన్నది. మారినవి మాంత్రికుడు నివసించే చోటు, కథను మోసే సాధనం, పాఠకవర్గాల విభజన. సాహిత్యచరిత్ర కర్తలను, కృతులను జాగ్రత్తగా నమోదు చేసింది. పాఠకులను నమోదు చేయలేదు. వారపత్రికలలోని పాఠకుల ఉత్తరాలు, అద్దెపుస్తకాల షాపుల ఖాతాపుస్తకాలు, ఇళ్లలో మిగిలిన బైండు పుస్తకాలు ఆ చరిత్రకు ఆకరాలు. షాపులు మూతపడి ఖాతాలు చిత్తుకాగితాలవుతున్నాయి. బైండు పుస్తకాలు చెదలపాలవుతున్నాయి. ఆ ఆకరాలను విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు ఇప్పుడు సేకరించకపోతే, దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఎరుగకయే ఆయన కథలను ఒక తరం కాపాడిన సంగతి మరొక తరానికి చెప్పడానికి సాక్ష్యం మిగలదు.