గడియారానికి ముఖం దిద్దిన చేతులు

ఒకే గోడ మీద నాలుగైదు గడియారాలు గుంపుగా పెట్టడం ఇప్పుడు హాలు అలంకరణలో ఫ్యాషన్. అన్నీ నడవక్కర్లేదట, చూడ్డానికి బావుంటే చాలట. ఆగిపోయిన గడియారం గోడకి ఉండకూడదని మా అత్తయ్యగారు, ఆవిడకి ఫోన్లో ఫోటోలు చూపిస్తూ మా అమ్మాయి. ఆ వాదనలో నేను దూరలేదు. గడియారం గోడకి అందం కోసమా, టైము కోసమా అన్న ప్రశ్న మాత్రం రెండువందల ఏళ్ళ పాతది.

అసలు గడియారం అనే మాటలో ఉన్నది గడియ, అంటే 24 నిమిషాలు. అడుగున సన్నటి చిల్లు ఉన్న రాగి గిన్నెని నీళ్ళ మీద వదిలితే, నిండి మునిగేసరికి ఒక గడియ. అలాంటివి అరవై అయితే ఒక రోజు. దాన్ని గోడకి తగిలించలేం కదా! గోడ మీదకి ఎక్కే గడియారం నమ్మకంగా నడవడం 1656లో డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ లోలకాన్ని అమర్చాకే మొదలైంది. అంతకుముందు రోజుకి పావుగంట అటూ ఇటూ అయ్యేది మామూలే. అయినా ఇంకో నూటయాభై ఏళ్ళు అది డబ్బున్నవాళ్ళ వస్తువే.

దాన్ని మామూలు ఇళ్ళలోకి తెచ్చింది అమెరికాలోని కనెక్టికట్. ఎలై టెర్రీ అనే ఆయన 4000 గడియారాల యంత్రాలు చేసిస్తానని ఒప్పుకుని, ఏటి నీటి బలంతో మిషన్లు తిప్పి చెక్క పళ్ళచక్రాలు కోయించి, 1810 కల్లా మాట నిలబెట్టుకున్నాడు. తర్వాత ఛాన్సీ జెరోమ్ చవక ఇత్తడి గడియారాలు చేసి 1842లో ఇంగ్లండు పంపాడు. అంత తక్కువ ధర అబద్ధమై ఉంటుందని అక్కడి కస్టమ్స్ వాళ్ళు, రాసిన ధరే చేతిలో పెట్టి సరుకంతా లాగేసుకున్నారు. జెరోమ్‌కి ఇంకేం కావాలి, అమ్మే శ్రమ లేకుండా డబ్బు! మళ్ళీ పంపాడు, మళ్ళీ కొన్నారు. మూడోసారికి గానీ వాళ్ళకి బోధపడలేదు.

ఆ చవక గడియారాల్ని గోడకి అందంగా చేసింది డయల్ కింద ఉండే అద్దం. ఇల్లో, పూలగుత్తో అద్దం వెనకవైపు నుంచి వేసేవారు. మన తంజావూరు అద్దం బొమ్మలదీ ఇదే పద్ధతి, అంటే మామూలుగా చివర్లో దిద్దాల్సిన కళ్ళు, నగలు ముందే వేసేయాలి. తప్పు పోతే చెరిపే వీల్లేదు. ఈ అద్దాలు, డయళ్ళు వేసినవాళ్ళలో ఆడపిల్లలు చాలామంది. బ్రిస్టల్ ఊళ్ళో గడియారాలు చేసే గిడియన్ రాబర్ట్స్ కూతురు కాండేస్ అలాంటిదే. డైరీ కూడా రాసుకుంది. 1806లో ఇరవై ఒక్క ఏళ్ళకే పోయింది. డయల్ మీద తయారుచేసినవాడి పేరు ఉంటుంది, రంగు వేసిన పిల్ల పేరు ఉండదు.

వందేళ్ళు దాటాక అదే పనికి ఇంకో రూపం వచ్చింది. చీకట్లో మెరిసే రేడియం రంగు. న్యూజెర్సీలో, కనెక్టికట్‌లోని వాటర్‌బరీలో వాచీలకి, అలారం గడియారాలకి అంకెలు దిద్దడానికి అమ్మాయిల్ని పెట్టుకున్నారు. కుంచె మొన సన్నగా రావాలంటే పెదాలతో తడుపుకోమని నేర్పారు. ప్రమాదమేమీ లేదన్నారు. కొన్నేళ్ళకి పళ్ళు ఊడిపోయాయి, దవడ ఎముకలు చిల్లులు పడ్డాయి. గ్రేస్ ఫ్రయర్ అనే ఆమె కేసు తీసుకునే లాయరు దొరకడానికే రెండేళ్ళు తిరిగింది. 1928లో కోర్టుకి వచ్చేసరికి ఆ ఐదుగురు ప్రమాణానికి చెయ్యి ఎత్తలేని స్థితిలో ఉన్నారు. చివరికి ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏడాదికి 600 డాలర్ల భత్యం, వైద్యం ఖర్చులు ఇచ్చి రాజీ చేసుకున్నారు. ఇది చదివాక పాత అలారం గడియారాల మీద ఆకుపచ్చ అంకెల్ని ముచ్చటగా చూడటం నాకు సాధ్యం కావడంలేదు. పాతవస్తువుల షాపుల్లో అలాంటిది నచ్చితే కొనండి గానీ, అద్దం విప్పి లోపల గీకడం, తుడవడం మాత్రం వద్దు. రేడియం వేసినదైతే మెరుపు పోయినా లోపలి గుణం పోదు.

మా అమ్మమ్మగారింటి గోడ గడియారం డయల్ మీద అన్సోనియా అని ఉంటుంది. అదీ కనెక్టికట్‌లో పుట్టిన కంపెనీయే. 1929లో మూతపడి, మిషన్లన్నీ రష్యాకి అమ్ముడుపోయాయి. ఆ గడియారానికి ఎనిమిది రోజులకోసారి తాతయ్య స్టూలెక్కి కీ ఇచ్చేవారు. తాళంచెవి ఆయన జేబులోనే. అమ్మమ్మ దానివైపు చూసేదే కాదు, వసారా మెట్ల మీద నీడని బట్టి ఎసరు పెట్టేది. తాతయ్య పోయాక మాత్రం కీ తనే ఇచ్చింది, చివరిదాకా. ఇప్పుడది మా ఇంట్లో ఉంది. కింద అద్దం మీద బంగారు రంగు లతలు సగం రాలిపోయాయి. బాగుచేసే ఆయన ఆ అద్దం తీసేసి కొత్తది, మెరుగు పెట్టింది వేస్తే హాలుకే కళ వస్తుందన్నాడు. యంత్రం శుభ్రం చేయించాను, అద్దం జోలికి వెళ్ళనివ్వలేదు. మావారికి అది మాసిన అద్దంలాగే కనిపిస్తోంది, పాపం.

కీ ఇచ్చే పని తప్పించింది బ్యాటరీ గడియారం. మన దేశంలో దాన్ని ఇంటింటికీ చేర్చినవాళ్ళలో గుజరాత్‌లోని మోర్బీకి చెందిన ఓధవ్‌జీ పటేల్ ముఖ్యుడు. బడిపంతులుగా పనిచేసిన మనిషి, 1971లో కొందరితో కలిసి అజంతా గడియారాలు మొదలుపెట్టారు. తర్వాత వాళ్ళ ఫ్యాక్టరీలో వేలమంది ఆడవాళ్ళు పనిలోకి వచ్చారు, చాలామంది చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. సన్నటి ముళ్ళు, చిన్న చిన్న చక్రాలు, సెకనుకి 32,768 సార్లు కంపించే స్ఫటికం ఉన్న డబ్బీ, వరసగా కూర్చుని బిగించే పని. మా వంటింట్లో పొయ్యికి ఎదురుగా ఉన్నది మోర్బీదే. పోపు పొగకి తెల్ల డయల్ పసుపెక్కింది, ఏడాదికో సెల్లు అడుగుతుంది, కుక్కరు కూతలు లెక్క తప్పినప్పుడు నేను చూసేది దాన్నే.