పారిపోయే దారానికి పగ్గం

పడవలో ఉన్నవాడు చేప పరుగెడితే వెనకాలే పడవ తోలుకుంటూ పోవచ్చు. ఒడ్డున బండ మీద నిలబడ్డవాడికి ఆ వీలు లేదు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో జెర్విస్ బే దగ్గర రాతి అంచుల మీద నిలబడి, బతికున్న చిన్నచేపను గాలానికి గుచ్చి, దారానికి బెలూను కట్టి గాలివాటున సముద్రంలోకి వదులుతారు. బ్లాక్ మార్లిన్ చేప తగిలిందంటే ఒక్క ఊపున వందల మీటర్ల దారం లాక్కుపోతుంది. అందుకే ఇలాంటి వేటకు రాడ్డూ రీలూ కొనేవాడు మూడు ప్రశ్నలు అడుగుతాడు. పరుగును ఆపుతుందా? దూరం విసరగలదా? సరిపడా దారం పడుతుందా? ఆ మూడూ ఒకప్పుడు ఎవరినో ఏడిపించిన ప్రశ్నలే.

మొదటిది ఆపడం. 1898 జూన్ 1న కాలిఫోర్నియా తీరాన కాటలీనా దీవి దగ్గర చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ 183 పౌండ్ల ట్యూనాను, అంటే 83 కిలోల చేపను, రాడ్డుతో పట్టాడు. అదే ఏడు అక్కడ వేటగాళ్ల ట్యూనా క్లబ్ పుట్టింది. ఆనాటి రీళ్లలో పిడిని నేరుగా చక్రానికే తగిలించేవారు. చేప దారం లాగితే పిడి గిర్రున వెనక్కి తిరిగి వేళ్ల కణుపుల్ని పగలగొట్టేది. గాలిపటం జోరుగా లేస్తుంటే చరఖాను గట్టిగా పట్టుకున్న పిల్లాడి అవస్థే అది, కాకపోతే అవతల ఉన్నది ట్యూనా. చక్రం మీద తోలుముక్క పెట్టి బొటనవేలితో అదమడమే అప్పటి బ్రేకు.

ఆ క్లబ్బు సభ్యుడు విలియం బోషెన్‌కు ఒక ఊహ వచ్చింది: పిడి కదలకుండా ఉండాలి, చక్రం మాత్రం జారాలి. బ్రూక్లిన్‌లో రీళ్లు చేసే జూలియస్ వామ్ హోఫ్ 1913లో ఆ ఊహకు రూపమిచ్చాడు. లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన బిళ్లలు, బయట వాటిని బిగించే నక్షత్రాకారపు మర. బిగిస్తే రాపిడి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. అదే స్టార్ డ్రాగ్.

రెండోది విసరడం. ఎర నీళ్లలో పడి ఆగినా, తిరిగే చక్రం తన జోరులో ఇంకా తిరుగుతూ దారాన్ని పిచ్చుకగూడు చేసేస్తుంది. దీనికి జవాబు బట్టల మిల్లులో దొరికింది. యార్క్‌షైర్‌లో ఉన్ని మిల్లుల కుటుంబానికి చెందిన ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ రోజూ చూసే దృశ్యమే అది: కండె కదలదు, నూలు మాత్రం దాని కొసమీదుగా జారిపోతుంది. 1905లో ఆయన అదే పద్ధతిలో రీలుకు పేటెంటు తీసుకున్నాడు. నేటి స్పిన్నింగ్ రీళ్లన్నీ ఆ కండె సంతానమే.

అంతకుముందే, 1884లో, స్కాట్లండ్‌లో పీటర్ మాలక్ మరో ఉపాయం చేశాడు: విసిరేటప్పుడు రీలును పక్కకు తిప్పడం, చుట్టేటప్పుడు మళ్లీ నేరుగా పెట్టడం. 1920లో బ్రిస్బేన్‌లో చార్లెస్ ఆల్వీ మొదలుపెట్టిన రీళ్లదీ ఈ దారే. లోపల పళ్లచక్రాలు లేవు గనక ఇసుక పడినా, ఉప్పునీళ్లు తగిలినా పెద్దగా ఇబ్బంది లేదు. కాకపోతే దారం మెలిపడుతుంది. దానికి తిరుగుడు కొక్కెం ఒకటి తగిలించాలి.

మూడోది దారం. నారదారం తడిస్తే కుళ్లేది. వేట కాగానే విప్పి ఆరబెట్టాల్సి వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్ ఆ చాకిరీ తప్పించింది. 1990లలో పాలిథిలిన్ పోగులతో అల్లిన దారాలు వచ్చాక అదే రీలులో అంతకు రెండింతలకు మించి పట్టసాగింది. రాడ్డు కూడా మారింది: చీల్చి అతికించిన వెదురు పోయి 1940ల చివర్లో ఫైబర్‌గ్లాస్, 1970లలో కార్బన్ వచ్చాయి.

ఇంత కథ జరిగాక బండ మీది వేటగాడు ఏం ఎంచుకుంటున్నాడు? ఎరను విసిరి చేపను రప్పించాలంటే పొడవైన రాడ్డు, ఇల్లింగ్‌వర్త్ రీలు. బెలూను వేటలో ఎరను గాలే మోసుకుపోతుంది, విసిరే పనే లేదు. అక్కడ మళ్లీ పాత తిరిగే చక్రమే, బోషెన్ బ్రేకుతో సహా, గెలుస్తుంది. రాడ్డు కూడా పొట్టిగా, బిరుసుగా ఉండాలి. రాడ్డు పొడవైనకొద్దీ మీటకోల లాభం చేపకే దక్కుతుంది, మన నడుముకు కాదు.

ఇక మిగిలింది బ్రేకు బిగింపు. దారం కొసను స్ప్రింగు కాటాకు కట్టి లాగి చూస్తారు. 24 కిలోలకు తెగే దారమైతే మూడోవంతు, 8 కిలోల దగ్గర జారేలా పెడతారు. కాగితం మీద అది చిన్న అంకె. తడిబండ అంచున నిలబడ్డప్పుడు ఆ 8 కిలోలు మనిషిని సముద్రంవైపు లాగుతుంటాయి. బ్రేకు ఎంత బిగించవచ్చో దారం చెబుతుంది, ఎంత బిగించాలో మాత్రం కాళ్లు చెబుతాయి.