రెండు చలానాలు, ఒక కాటా చీటీ

తెల్లవారి ఆరు కాకముందే మీరు మనలిలో ఉన్నారు. మంచు పడే హిమాలయాల మనాలి అనుకునేరు. ఇది చెన్నైకి ఉత్తరాన, రిఫైనరీ గొట్టం కొసన రాత్రీ పగలూ మంట వెలిగే మనలి. అద్దం దించితే గ్యాసు వాసన, ఎత్తితే ఉక్కపోత. సగం దించి పెట్టుకున్నారు. ముందు ఓ కంటైనర్ ట్రైలర్, వెనక ఇంకోటి. హార్బరు వైపు వరస కట్టిన ఆ ఏనుగుల మధ్య మీ టాటా ఏస్ పిల్ల ఏనుగులా ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని పిలిచేదీ అదే మాటతో, ‘కుట్టి యానై’.

మీకు సూళ్లూరుపేటలో వెల్డింగు షాపు. గేట్లు, కిటికీ గ్రిల్స్, రేకుల షెడ్లు. నెలకోసారి సాత్తాంగాడు ఇనుము మార్కెట్టుకు వచ్చి యాంగిళ్లు, ఫ్లాట్లు, చానళ్లు వేసుకుని పోతారు. మనలి పక్కనే ఆ మార్కెట్టు. పదేళ్లుగా వస్తున్న దారే. ఈసారి మాత్రం ఇనుముతో పాటు ఇంకో బరువు కూడా జేబులో ఉంది. ఫోనులో రెండు మెసేజీలు. ఒకటి 500, ఒకటి 1,000.

రెండు వారాలుగా వాటిని చూసీ చూడనట్టే తిరిగారు. వచ్చే నెల బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. కాగితాలు చూసే ఏజెంటు నిన్న ఫోన్ చేశాడు. “తమిళనాడు చలానాలు రెండు కనిపిస్తున్నాయన్నా. అయ్యేవో చూసుకోని రా. తర్వాత పని ఆగిందని నన్నంటే నేనేం చేసేది?”

మార్కెట్టు గేటు తెరవడానికి ఇంకా టైముంది. బండి ఓరగా పెట్టి టీకొట్టు దగ్గర దిగారు.

“ఎన్నా సార్, ఆంధ్రా వండియా?” టీ తిరగపోస్తూ అడిగాడు కొట్టాయన. మీరు తలూపగానే తెలుగులోకి మళ్లాడు. “మా ఇంట్లోనూ తెలుగే సార్. మాట్లాడ్డం వస్తది, చదవడం రాదు.”

ఉత్తర చెన్నైలో ఇలాంటివాళ్లు వీధికొకరు. తెలుగు ఇక్కడ కొత్తదీ కాదు. వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు చిన్నతనంలో కొన్నేళ్లు ఉన్నది ఈ మనలిలోనే. ఇక్కడి మొదలియార్ల ఆదరణలో, ఆయన నాన్న రామస్వామి దీక్షితులు తెలుగులో కూడా కృతులు కట్టిన కాలమది. అంతటి ఊరు ఇప్పుడు మీకు చలానాలో ‘స్థలం’ అన్న గడిలో ఒక్క మాటగా కనిపిస్తోంది.

గ్లాసు బల్ల మీద పెట్టి మెసేజీ తెరవబోయి ఆగారు. పోయిన ఏడాది మీ వీధిలో ఒకాయన ఇట్లాంటిదే వాట్సాప్‌లో వస్తే నొక్కాడు. ‘చలానా’ పేరుతో ఏదో ఏపీకే ఫైలు ఫోనులోకి దిగింది, బ్యాంకులో డబ్బులు పోయాయి. అందుకని లింకు జోలికి పోకుండా పరివాహన్ ఈ-చలానా సైటుకు మీరే వెళ్లారు. చిరునామా చివర ‘జీఓవీ డాట్ ఇన్’ ఉందో లేదో చూసుకుని బండి నంబరు కొట్టారు. రెండూ నిజమే. రెండూ ఇంకా కోర్టుకు పోలేదు.

మొదటిది స్టాప్‌లైన్ దాటడం. మోటారు వాహనాల చట్టం 177వ సెక్షను, 500 రూపాయలు. చోటు ఎంఎఫ్‌ఎల్ జంక్షన్, సాయంత్రం 6 గంటల 42 నిమిషాలు.

ఎరువుల కంపెనీ పేరు మీద నిలిచిన ఆ జంక్షను మీకు బాగా తెలుసు. రోడ్లన్నీ అక్కడే కలుస్తాయి, ట్రైలర్లన్నీ అక్కడే మళ్లుతాయి. మీ మనసు వెంటనే వకీలు కోటు తొడిగేసింది. ఆ రోజు ముందు ట్రైలర్ అడ్డముంది, సిగ్నల్ కనపడలేదు. అసలు ఆ టైముకు నేను అక్కడ ఉన్నానా? మార్కెట్టులో లోడింగు దగ్గరే ఉన్నానేమో?

డ్యాష్‌బోర్డు అర తీసి కాగితాలు వెతికారు. బిల్లు, ఇన్సూరెన్సు జిరాక్సు, అయ్యప్ప స్వామి ఫోటో, వాటి అడుగున ఆ రోజు కాటా చీటీ. లోడు బండి బరువు, ఖాళీ బండి బరువు, తేదీ, టైము. సాయంత్రం 6.20.

కాటా దగ్గర్నుంచి జంక్షనుకు ఆ రద్దీలో పావుగంట, ఇరవై నిమిషాలు. లెక్క దాదాపుగా సరిపోయింది. మీ తరఫున సాక్ష్యం చెబుతుందని తీసిన చీటీ, పోలీసుల తరఫున బోను ఎక్కింది.

ఫోటో పెద్దది చేశారు. పసుప్పచ్చ నంబరు పలక. నీలం టార్పాలిన్. దాని మూలన మీరే వేసిన ముడి. ముందు చక్రాలు తెల్లగీతను దాటి ఓ మూరెడు అవతల ఉన్నాయి. ట్రైలర్ అడ్డముంటే దాని తోక పట్టుకుని పోవాలని చట్టంలో ఎక్కడా లేదు. సిగ్నల్ కనపడకపోతే ఆగాలి. మీరు ఆగలేదు.

ఇందులో మీరు పోట్లాడేదేమీ లేదు.

రెండోది తెరిచారు. హెల్మెట్ లేకుండా నడపడం. 194డి సెక్షను, 1,000 రూపాయలు. తేదీ చూసి ఉలిక్కిపడ్డారు. ఆ రోజు బండి కమాన్లు విరిగి మెకానిక్ షెడ్డులో జాకీల మీద ఉంది. అయినా నాలుగు చక్రాల బండిలో కూర్చుని హెల్మెట్ పెట్టుకునేవాడు ఎవడు?

పక్క బల్ల మీదున్న ట్రైలర్ డ్రైవరు మీ ముఖం చూసి నవ్వాడు. నాయుడుపేట మనిషి. మాటలోనే తెలిసిపోయింది.

“ఎంతేశారన్నా?”

“పదిహేను వందలు. అందులో వెయ్యి నాది కాదబ్బా.”

“నీది కాకపోతే మాత్రం? కట్టేసెయ్. వెయ్యి కోసం మదరాసు కోర్టు చుట్టూ యాడ తిరగతావ్? రేపొకసారి రమ్మంటారు, ఎల్లుండి వాయిదా అంటారు. డీజిలుకే రెండు వేలవుతాది.”

మాట తీసెయ్యలేం. కట్టనంటే, పోలీసులు ఒప్పుకోకపోతే, చలానా కోర్టుకు పోతుంది. వర్చువల్ కోర్టులని 2019లో ఢిల్లీలో మొదలయ్యాయి, తమిళనాడుకూ వచ్చాయి. ఫోనులోనే కేసు కనిపిస్తుంది. అక్కడ దారులు రెండే: జరిమానా కట్టడం, లేదా వాదిస్తాననడం. వాదిస్తానన్న మరుక్షణం కేసు ఫోనులోంచి మామూలు కోర్టుకు మళ్లుతుంది. నేరం ఎక్కడ జరిగిందంటారో విచారణా మామూలుగా అక్కడే. అంటే మీ సూళ్లూరుపేట కోర్టులో కాదు, చెన్నైలో. తడ దాటితే రాష్ట్రం మారుతుంది. దారి గంటన్నరే అయినా నల్లకోటు మారుతుంది, కోర్టులో పిలిచే భాష మారుతుంది. షాపు ఓ రోజు మూసుకోవాలి. కుర్రాడి కూలీ, వకీలు ఫీజు. నాయుడుపేట మనిషి లెక్క తక్కువే చెప్పాడు.

దాదాపు ఒప్పేసుకున్నారు. వేలు ‘చెల్లించు’ దగ్గరికి పోయింది కూడా.

“ఏది, చూపించండి సార్,” అని టీకొట్టాయన చేయి తుడుచుకుని ఫోను మీదికి వంగాడు. ఫోటోను చూశాడు. తల తిప్పి మీ బండిని చూశాడు. మళ్లీ ఫోటోను చూశాడు.

“సార్, మీ బండి బోర్డు మంజళ్. ఇది వెళ్ళై కదా?”

పసుపు. తెలుపు.

మీరు చూడనే లేదు. అంకెలే చూస్తూ కూర్చున్నారు. ఫోటోలో ఉన్నది బైకు. వెనక చక్రం దగ్గర తెల్ల పలక. సరుకు మోసే మీ బండికి పసుప్పచ్చ పలక మీద నల్ల అక్షరాలు. తెల్ల పలక సొంత వాడకం బండ్లది. ఇంకాస్త పెద్దది చేస్తే అసలు సంగతి బయటపడింది. పలక మీద బురద. ఏపీ 39 తర్వాతి అక్షరం సగం మునిగి ఉంది. 2019లో ఆంధ్రాలో ఏ జిల్లా బండికైనా ఏపీ 39 అనే ఇవ్వడం మొదలుపెట్టారు కాబట్టి, తేడా పట్టుకోవలసింది ఆ అక్షరంలోనే. రవాణా బండ్లకు వేరే అక్షరాల వరస. మీది టీ. బురద కింద ఉన్నది ఏదైనా కావచ్చు, కెమెరా దాన్ని టీ అని చదివింది.

చదవడం రాదన్న మనిషికి రంగు కనిపించింది.

“అయినా వెయ్యేగదన్నా,” అంటున్నాడు ట్రైలర్ డ్రైవరు. ఇప్పుడు మీ లెక్క వేరే దారి పట్టింది.

జరిమానా కట్టడమంటే చట్టం దృష్టిలో నేరాన్ని రాజీ చేసుకోవడం, 200వ సెక్షను కింద. దాంతో ఆ కేసు ముగుస్తుంది, మీరు చేయలేదన్న మాట కూడా దాంతోపాటే ముగుస్తుంది. హెల్మెట్ సెక్షన్లో ఇంకో మెలిక ఉంది. 2019 సవరణ తర్వాత ఆ నేరానికి 1,000 రూపాయల జరిమానాతో పాటు 3 నెలలు లైసెన్సుకు అనర్హత అని కూడా రాసి ఉంది. ఎంతమందికి అమలు చేస్తున్నారన్నది వేరే సంగతి. నెలనెలా స్టీరింగు పట్టి సరుకు తెచ్చుకునేవాడు తాను చేయని పనికి ఆ మాట పక్కన పేరు ఎందుకు రాయించుకోవాలి? మూడోది ఆ బైకు. బురద కడగనంత కాలం అది మీ నంబరు మీద మనలి అంతా తిరుగుతూనే ఉంటుంది. ఈ వెయ్యి కడితే రేపు ఇంకో వెయ్యి రాదని ఎవరు చెప్పాలి?

అడిగే హక్కు కూడా మీ చేతిలోనే ఉంది. కెమెరాల చలానాల కోసం 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ చేర్చారు. నేరం కనిపించేలా, నంబరు పలక కనిపించేలా ఫోటో ఉండాలి. తేదీ, టైము, చోటు ఉండాలి. ఏ సెక్షను కిందో రాయాలి. నేరం జరిగాక గడువు లోపల నోటీసు పంపాలి. కెమెరా ఉన్నచోట దాని గురించి హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఫోటో ఇవ్వాలన్న ఆ నిబంధన వల్లే తెల్ల పలక మీ కంటపడింది.

కోర్టు కంటే ముందు ఇంకో మెట్టు ఉంది. ఆ ఈ-చలానా సైటులోనే ఫిర్యాదు పెట్టే చోటు ఉంది. దానికి నల్లకోటు అక్కర్లేదు, షాపు మూయక్కర్లేదు.

టీకొట్టు ముందే పని మొదలుపెట్టారు. బండి ముందు నుంచి ఒక ఫోటో, వెనక నుంచి ఒకటి, పసుపు పలక స్పష్టంగా పడేట్టు. ‘గూడ్స్ క్యారియర్’ అన్న మాట కనిపించేలా ఆర్సీ ఫోటో. చలానాలోని బైకు ఫోటో. కింద నాలుగు మాటలు: ఈ నంబరు సరుకు రవాణా బండిది, పలక పసుపు, ఫోటోలోది తెల్ల పలక ఉన్న ద్విచక్ర వాహనం, చలానా రద్దు చేయగలరు. కోపం, వెటకారం ఏమీ రాయలేదు. పంపాక వచ్చిన ఫిర్యాదు నంబరును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నారు. దాన్నే కాటా చీటీ వెనక కూడా పెన్నుతో రాసుకున్నారు.

తర్వాత మొదటి చలానా తెరిచి 500 కట్టేశారు. రసీదు వచ్చింది. ఆ ముడి మీదే, ఆ మూరెడు మీదే.

“వాళ్లు కాదంటే?” అడిగాడు నాయుడుపేట మనిషి.

“కాదంటే వాదిస్తానంటా. ఎట్లాగూ ఇనుముకు వచ్చేదే గదా. ఆ వాయిదా రోజే లోడు పెట్టుకుంటా.”

అతను ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. గ్లాసు ఖాళీ చేసి ట్రైలర్ ఎక్కాడు. ముందు వరస ఓ బండి జాగా కదిలింది.

పది గంటలకు లోడు పడింది. కాటా వేశారు. ఈసారి చీటీ అరలో అడుగున పారేయకుండా ఆర్సీ కవరులో పెట్టారు. మనలి న్యూటౌను, మీంజూరు, పొన్నేరి మీదుగా పంచెట్టి దగ్గర హైవే ఎక్కితే తడ, ఆ తర్వాత ఇల్లు. దారిలో ఎంఎఫ్‌ఎల్ సిగ్నల్ వచ్చింది. మళ్లీ ఓ ట్రైలర్ అడ్డం. సిగ్నల్ కనపడటం లేదు. ఆగారు. వెనకాల హారన్లు, ఓ ఆటోవాడి తిట్టు. చక్రాలు తెల్లగీతకు ఇవతలే ఉన్నాయి.

రాష్ట్రం దాటి చలానా వస్తే చాలామంది ముందు మొత్తం చూస్తారు, తర్వాత దూరం చూస్తారు, విసుక్కుని కట్టేస్తారు. ముందు ఫోటో తెరవండి. అందులో ఉన్నది మీరైతే ఆ రోజే కట్టండి. మీరు కాకపోతే 100 రూపాయలైనా కట్టకండి, ఫిర్యాదు పెట్టి నంబరు దాచుకోండి. బండి మీదే అయినా, పరాయి బండైనా, పలక మీద బురద కనిపిస్తే ఓ గుడ్డ ముక్కతో తుడవండి.