సాగర్ కట్టకు అక్కర్లేని ఇనుము

1955 డిసెంబర్ 10. నందికొండ దగ్గర కృష్ణ ఒడ్డున ప్రధాని నెహ్రూ నాగార్జున సాగర్‌కు పునాదిరాయి వేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ లోయలో సుత్తి మోతే. రాయి కొట్టే వడ్డెరలు, పాలమూరు నుంచి పిల్లాపాపలతో దిగిన కూలీలు. కర్రలు కట్టి వేసిన వాలు బాటల మీద చీమల బారులా జనం, నెత్తిన చుట్టకుదురు, దాని మీద రాయి. పైన మేస్త్రీ మాలు పరిచి రాయిని కూర్చోబెడతాడు. సందుల్లో చిన్న రాళ్లు దూర్చి సుత్తితో తడతాడు. అంతలో ఇంకో రాయి వచ్చేస్తుంది. అలా పేర్చుకుంటూ 124 మీటర్ల ఎత్తు, దాదాపు కిలోమీటరున్నర పొడవు లేపారు.

దీని రూపకల్పనలో ముందు చెప్పుకునే పేరు కానూరి లక్ష్మణరావు. కంకిపాడులో పుట్టారు. బడిలో ఆడుకుంటూ ఒక కంటి చూపు పోగొట్టుకున్నారు. 1939లో బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. ఆయన పుస్తకం రాసిందేమో రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్ మీద! ఇనుము సంగతి అంత బాగా తెలిసిన మనిషి ఇంత పెద్ద కట్టకు రాయినే నమ్ముకున్నారు. ఈ గాథలో నన్ను ఎప్పుడూ కదిలించేది ఇదే. రాయి పక్కనే ఉంది, కూలీకి పని కావాలి, నిజమే. మరి కట్టకు ఇనుము వద్దా?

గేట్ల దగ్గరి పని వదిలేస్తే, కట్ట ఒంటికి అక్కర్లేదు. నీరు పక్క నుంచి తోస్తుంది, కట్ట బరువు కిందికి దిగుతుంది. ఈ రెండూ కలిసిన బలం, అడుగు వెడల్పును మూడు భాగాలు చేస్తే, నడిమి భాగంలోనే పడాలి. అప్పుడు రాయిని రాయి నొక్కుతుందే గాని ఎక్కడా సాగదీత ఉండదు. రాయి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, లాగితే విచ్చుకుంటుంది.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు పారింది. వరి వచ్చింది, రైస్‌మిల్లులు వచ్చాయి, పెంకుటిళ్ల చోట డాబాలు లేచాయి.

ఏళ్లు గడిచాక మిర్యాలగూడలో అలాంటి డాబాగానే నా ఇంటి పని మొదలైంది. తొమ్మిదంగుళాలకు పన్నెండంగుళాల పిల్లర్లు. ఒక సాయంత్రం టేపు పట్టుకుని వెళ్తే ఒక్కోదాంట్లో నాలుగే 12 ఎం.ఎం. రాడ్లు, రింగులు అడుగుకొకటి.

“ఇరవై ఏండ్ల సంది గిట్లనే కడుతున్నం సార్. ఒక్కటన్న పడ్డదా?” అన్నాడు మేస్త్రీ.

ఇటుకపెళ్లతో నేల మీద పిల్లరు అడుగు గీశాను. తొమ్మిదంగుళాల్లో నడిమి మూడో వంతు మూడంగుళాలే. సాగర్ కట్టకున్న విశాలమైన అడుగు దీనికెక్కడిది? మూల పిల్లరుకు దూలాలు రెండు వైపులే. వాటి బరువు దాన్ని వంచుతుంది. పిల్లరు నడిమధ్యలోనే బరువు దిగుతుందనుకున్నా, కనీసం 20 మిల్లీమీటర్లు పక్కకు పడుతుందనే లెక్క వేయమంటుంది కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456. పిల్లరు కోతలో నూటికి 0.8 వంతుకు తగ్గకుండా ఇనుము ఉండాలంటుంది. ఆ లెక్కకు నాలుగు రాడ్లు చాలవు, ఆరు పడాలి. రింగుల దూరం పిల్లరు సన్న వైపును గాని, సన్న రాడ్డు మందానికి పదహారింతల్ని గాని, 300 మిల్లీమీటర్లను గాని దాటకూడదు. మూడింట్లో తక్కువది మాకు 192. అంటే ఏడున్నర అంగుళాలు.

“దగ్గర దగ్గర ఎందుకు సార్?”

“పైన బరువు పడితే రాడ్డు పక్కకు ఉబుకుతుంది మేస్త్రీ. ఉబకనీయకుండా పట్టుకునేది రింగే. దాని కొసలు కూడా లోపలి కాంక్రీటులోకి వంచాలి. బయటికుంటే పైపెచ్చు ఊడిననాడు అవీ విప్పుకుంటాయి.”

అతను కాసేపు ఆ గీత వైపే చూశాడు. మా నాయన సాగర్ కట్టకు రాయి మోసిండు సార్, అన్నాడు. తర్వాత కట్టిన బైండింగ్ వైరు తెంపడం మొదలుపెట్టాడు. తెల్లారి నేను వెళ్లేసరికి కర్రముక్క ఒకటి ఏడున్నర అంగుళాలకు కోసుకుని, రాడ్డు పక్కన పెట్టి, సుద్దతో ఒక్కో గీత గీసుకుంటూ పైకి పోతున్నాడు.