బ్లాడర్ ఎక్స్‌స్ట్రోఫీ: కౌమార బాలికల్లో స్త్రీ ఆరోగ్య సమస్యలు

బ్లాడర్ ఎక్స్‌స్ట్రోఫీ అనేది పిండదశలో పొత్తికడుపు గోడ దిగువభాగం మూసుకోకపోవడం వల్ల మూత్రాశయం తెరుచుకొని శరీరం వెలుపలికి కనిపించే అరుదైన జన్మలోపం. సుమారు 30,000 నుంచి 50,000 జననాలకు ఒకటి చొప్పున కనిపించే ఈ లోపాన్ని శైశవంలోనే శస్త్రచికిత్సతో సరిచేసినా, కొన్ని ప్రభావాలు యుక్తవయసులో బయటపడతాయి.

ఈ బాలికల్లో గర్భాశయం, అండాశయాలు చాలావరకు మామూలుగానే ఉంటాయి కాబట్టి రజస్వల కావడం సహజంగానే జరుగుతుంది. అయితే యోని పొట్టిగా, ముందువైపుకు జరిగి ఉండడమే కాక, దాని ద్వారం ఇరుకుగా ఉండవచ్చు. స్టెనోసిస్ అనే ఈ ఇరుకుదనం ఇబ్బంది కలిగిస్తే ద్వారాన్ని వెడల్పు చేసే శస్త్రచికిత్స అవసరమవుతుంది. కటి ముందుభాగంలోని జఘనాస్థులు ఎడంగా ఉండి, లోపలి అవయవాలను కింది నుంచి మోసే కండరాలకు తగిన ఆధారం దొరకనందున, ప్రసవం ఎరుగని యువతుల్లో కూడా గర్భాశయం కిందికి జారే ప్రమాదం, అంటే ప్రొలాప్స్, ఎక్కువ.

పేగులు కూడా బయటపడే క్లోయకల్ ఎక్స్‌స్ట్రోఫీలో గర్భాశయం, యోని తరచుగా రెండుగా ఏర్పడతాయి. వాటిలో ఒకదాని మార్గం మూసుకుపోతే ఋతురక్తం లోపలే నిలిచి నెలనెలా తీవ్రమైన కడుపునొప్పి వస్తుంది కనుక, రజస్వల కాకముందే అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్ఐతో నిర్మాణాన్ని తెలుసుకోవడం మేలు.

బ్లాడర్ ఎక్స్‌స్ట్రోఫీతో పుట్టిన స్త్రీలు గర్భం దాల్చగలరు. కాన్పుకు ముందే నిర్ణయించిన సిజేరియన్‌ను సాధారణంగా సూచిస్తారు. అందుకే బాల్యంలో పిల్లల శస్త్రవైద్యులు, మూత్రవ్యాధి నిపుణులు చేసే పర్యవేక్షణ కౌమారంలో ఆగిపోకుండా, స్త్రీవైద్య నిపుణుల సంరక్షణతోనూ, మానసిక మద్దతుతోనూ కొనసాగాలి.