ఆడ, మగ తేడా శరీరంలో ఎలా ఏర్పడుతుంది? ఆ సంగతి ఎలా తెలిసింది?

మగపిల్లవాడు పుట్టలేదని కోడలిని మాటలనే ఇళ్లు మన గంజాం జిల్లా తెలుగు వీధుల్లో ఇంకా ఉన్నాయి. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలేమో శరీరంలో వచ్చే మార్పుల గురించి ఎవరినీ అడగలేక ఫోనులో వెతుక్కుంటున్నారు. ఆసుపత్రికి వెళ్తే డాక్టరుగారు ఒడియాలో చెబుతారు, రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. అందుకే ఈ విషయాన్ని తెలుగులో, ఒకచోట, దాపరికం లేకుండా రాస్తున్నాను. పెద్దలూ చదవండి, పిల్లల చేతా చదివించండి.

మొదట అసలు సంగతి. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి శుక్రకణాల్లో కొన్నిటిలో ఎక్స్, కొన్నిటిలో వై ఉంటాయి. ఏది ముందు అండాన్ని చేరితే దాన్నిబట్టి బిడ్డ. ఇందులో తల్లి చేయగలిగింది ఏమీ లేదు. నిజానికి తండ్రి చేయగలిగిందీ లేదు. కాబట్టి కోడలిని అనడం మానేసి కొడుకును అనడం మొదలుపెట్టకండి!

అయితే క్రోమోజోము ఒక్కటే మొత్తం పని చేయదు. గర్భంలో సుమారు ఆరో వారం దాకా ఆడపిండానికీ మగపిండానికీ బీజగ్రంథి ఒకే రకంగా ఉంటుంది. అది వృషణం కావచ్చు, అండాశయం కావచ్చు. లోపల రెండు జతల నాళాలు కూడా ఇద్దరికీ ఉంటాయి. ఒక జత మగ అవయవాలకు, రెండో జత గర్భాశయానికి, అండవాహికలకు మూలం. తర్వాత ఒక జత నిలుస్తుంది, ఒకటి కరిగిపోతుంది. ఎందుకు కరుగుతుంది? ఎవరు చెబితే కరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఆ కథ మన పెరటి కోడితో మొదలైంది.

కోడెకు విత్తుకొట్టిస్తే నెమ్మదైన ఎద్దవుతుందని మన రైతులకు ఎప్పటినుంచో తెలుసు. కానీ ఎందుకలా అవుతుందో పరీక్ష పెట్టి చూసినవాడు జర్మనీలోని గొట్టింగెన్‌లో పనిచేసిన ఆర్నాల్డ్ బెర్తోల్డ్. 1849లో ఆయన ఆరు కోడిపుంజు పిల్లలను తీసుకున్నాడు. రెండింటికి వృషణాలు పూర్తిగా తీసేశాడు. తక్కిన నాలుగింటికి ఒక్కొక్క వృషణాన్ని, నరాల సంబంధం తెగిపోయిన స్థితిలో, కడుపులోనే ఉంచాడు. రెండింటికి సొంతదే, రెండింటికి పక్క కోడిది. మొదటి రెండూ పెద్దవయ్యాక కూయలేదు, కొట్లాడలేదు, తలమీద తురాయి చిన్నగా పాలిపోయి ఉంది. నాలుగూ మాత్రం మామూలు పుంజుల్లాగే పెరిగాయి. కోసి చూస్తే ఆ వృషణాలకు నరాలు లేవు, రక్తనాళాలు మాత్రం కొత్తగా అల్లుకున్నాయి. అంటే వృషణంనుంచి ఏదో పదార్థం రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతోందన్నమాట. ఆ రకం పదార్థాలకు హార్మోన్ అన్న పేరు 1905లో ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ పెట్టాడు.

పిల్లలూ, ఇందులో పద్ధతిని గమనించండి. గ్రంథిని తీసి చూడటం, తిరిగి పెట్టి చూడటం. తీసేస్తే పోయింది, పెడితే వచ్చింది అన్నప్పుడే దాన్ని కారణం అనగలం. తీయడం ఒక్కటే చేస్తే ఆపరేషన్ దెబ్బకు అలా అయిందేమో అనే అనుమానం మిగిలిపోతుంది.

ఇదే పద్ధతిని ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ జోస్ట్ 1940ల్లో ఇంకా కష్టమైన చోట వాడాడు. తల్లి కుందేలు గర్భంలోనే ఉన్న పిండాలకు, అవయవాలు రూపు కట్టకముందే, బీజగ్రంథులు తీసేశాడు. ఆడపిండాలు ఆడ నాళాలతోనే పెరిగాయి. మగపిండాలు కూడా ఆడ నాళాలతోనే పెరిగాయి! తర్వాత వృషణం లేని పిండానికి టెస్టోస్టిరోన్ ఇచ్చి చూశాడు. మగ నాళాలు నిలిచాయి, కానీ ఆడ నాళాలు కరగలేదు. అంటే కరిగించే పని టెస్టోస్టిరోన్‌ది కాదు, వృషణం విడుదల చేసే ఇంకో పదార్థానిది. ఇప్పుడు సంతానం కోసం వెళ్లినవాళ్లకు ఏ.ఎం.హెచ్. అని ఒక రక్తపరీక్ష రాస్తారు కదా, ఆ పదార్థం అదే. పెద్దయ్యాక స్త్రీల అండాశయాల్లోనూ అది తయారవుతుంది.

జోస్ట్ ఫలితాన్ని చాలామంది తప్పుగా చదువుకున్నారు. ఆడపిల్ల అంటే ఏదో తక్కువైన మగపిల్లవాడు అన్నట్టు రాసినవాళ్లున్నారు. అది సరికాదు. అండాశయం తయారవడానికీ, అలాగే నిలబడటానికీ జన్యువులు పనిచేస్తూనే ఉండాలి. పెద్దదైన ఆడ ఎలుకలో అలాంటి ఒక జన్యువును ఆపేస్తే అండాశయ కణాలు వృషణ కణాల్లా మారడం మొదలుపెట్టాయని 2009లో చూపించారు. వృషణాన్ని మొదలుపెట్టే మీటను మాత్రం అంతకుముందే, 1990లో, లండన్ పరిశోధకులు వై క్రోమోజోము మీద కనిపెట్టారు. దాని పేరు ఎస్.ఆర్.వై. మరుసటి ఏడాది దాన్ని రెండు ఎక్స్‌లున్న చిట్టెలుక పిండంలో పెడితే మగ ఎలుక పెరిగింది. ఇదీ పెట్టి చూడటమే.

అన్ని జీవులకూ ఇదే లెక్క అనుకోకండి. మన రుషికుల్యా తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు ఎక్స్, వై లేవు. గూటి ఇసుక వేడిగా ఉంటే ఎక్కువగా ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు.

ఇక కొలవడం. హార్మోన్ ఎంత తక్కువ ఉంటుందంటే, ఆరోగ్యవంతుడైన పెద్ద మగవాడి రక్తం ఒక లీటరు తీసుకుంటే టెస్టోస్టిరోన్ సుమారు 3 నుంచి 10 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షలో వంతు. 1931లో జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాంట్ పోలీసుల మూత్రం వేల లీటర్లు పోగుచేస్తే దక్కిన పురుష హార్మోన్ 15 మిల్లీగ్రాములు. అప్పట్లో కొలబద్ద కూడా కోడే. వృషణాలు తీసిన పుంజుకు మందిచ్చి తురాయి ఎంత పెరిగిందో చూసేవారు. ఆ ఇబ్బంది తీర్చినవాళ్లు అమెరికాలో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్. బస్సులో సీట్లు కొన్నే ఉన్నాయనుకోండి. గుర్తు వేసిన ప్రయాణికులను కొందరిని ముందే తెలిసిన లెక్కలో పంపి, వారితోపాటు గుర్తులేనివాళ్లనూ ఎక్కించండి. గుర్తున్నవాళ్లలో ఎంతమందికి సీటు దొరకలేదో చూస్తే గుర్తులేనివాళ్లు ఎంతమందో తెలిసిపోతుంది. సీట్లు అంటే యాంటీబాడీలు, గుర్తు అంటే రేడియోధార్మికత. ఈ పద్ధతికి యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. బెర్సన్ అప్పటికే చనిపోయారు.

ఇప్పటి లాబుల్లో ఎక్కువగా రేడియోధార్మికత లేకుండానే, యాంటీబాడీలతో ఇలాంటి పరీక్షలు చేస్తారు. వాటికీ పరిమితులున్నాయి. స్త్రీలలో, పిల్లల్లో టెస్టోస్టిరోన్ చాలా తక్కువ కాబట్టి ఈ పరీక్ష అంకె అంత నమ్మకంగా ఉండదు. మాస్ స్పెక్ట్రోమెట్రీ మెరుగు. ఉదయం, సాయంత్రం విలువలు మారతాయి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే కొన్ని పరీక్షలు తప్పు చూపిస్తాయి, ఆ సంగతి లాబులో ముందే చెప్పండి. పదమూడేళ్ల పిల్లవాడి రిపోర్టును పెద్దవాళ్ల అంకెతో పోల్చి కంగారుపడకండి.

ఒక్క విషయం మాత్రం తల్లిదండ్రులు తప్పకుండా గుర్తుంచుకోవాలి. కొందరు పిల్లలు ఆడో మగో చూడగానే తెలియని అవయవాలతో పుడతారు. అది శాపమూ కాదు, ఎవరి తప్పూ కాదు. పైన చెప్పిన మెట్లలో ఒకటి వేరుగా నడిచింది, అంతే. కానీ దాచకూడదు. ఇలాంటివాటిలో ఒకదానిలో మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథి పురుష హార్మోన్లను ఎక్కువగా చేస్తుంది, ఒంట్లో ఉప్పును నిలిపే హార్మోన్‌ను సరిగా చేయలేదు. అలాంటి బిడ్డ పుట్టిన మొదటి రెండు మూడు వారాల్లో పాలు తాగక, వాంతులతో, నీరసించి ప్రాణం మీదికి రావచ్చు. మగబిడ్డయితే పైకి ఏ తేడా కనిపించదు కనుక ఇంకా ప్రమాదం. రక్తపరీక్షతో కనిపెట్టవచ్చు, మాత్రలతో బిడ్డ మామూలుగా పెరుగుతుంది. పసిబిడ్డకు ఈ లక్షణాలుంటే అదేరోజు పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అవయవాలకు ఆపరేషన్ సంగతి మాత్రం ఎవరో తొందరపెట్టారని ఒప్పుకోకండి. హార్మోన్ల డాక్టరుతో మాట్లాడాకే ఆలోచించండి.

ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలు దీనిమీద ఏ ప్రశ్న ఉన్నా చీటీ రాసి సైన్సు గది బయట పెట్టెలో వేయవచ్చు. పేరు రాయనక్కరలేదు. జవాబులు శనివారం ఆఖరి పీరియడ్‌లో చెబుతాం.